సరమ్మకేం పెట్టాలి?

మా ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిన వారం రోజుల్లోనే, దానికేం పెట్టాలో చెప్పడానికి మా వీధి వీధంతా సిద్ధమైపోయింది. "గేదెపాలు పోయండమ్మగారూ, దిట్టంగా తయారవుతుంది" అన్నాడు పాలబ్బాయి. పక్కింటావిడ పెరుగన్నం అంది. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే ఆమె, మేం కొనమని తెలిసి కూడా మా గేటు దగ్గర గంప దించి, "నాలుగు తలకాయలు పడేస్తాను, డబ్బులొద్దులెండి" అంది. ఎదురింటి కుర్రాడు సెల్‌ఫోన్లో చూసి, సంచుల్లో అమ్మే గుళికల మేత పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. చెప్పొద్దూ, నా ఇద్దరు పిల్లల్ని పెంచినప్పుడు కూడా నాకిన్ని సలహాలు రాలేదు!

అన్నిటికంటె చిన్న సలహా మా అత్తయ్యగారిది. "కుక్కకి వేరే వంటేమిటమ్మాయ్? మనం తినగా మిగిలింది పెట్టు. తరతరాలుగా అవి అలాగే బతికాయి" అన్నారావిడ, చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే. కుక్కపిల్లని తెచ్చినందుకు ఆవిడకి నామీద కోపంగా వుందని ఆ తలెత్తకపోవటంలోనే తెలిసిపోయింది.

ఈ పిల్ల దివిసీమది. మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్ళి సముద్రస్నానం చేసి వస్తూ, అవనిగడ్డ దగ్గర చుట్టాలింట్లో ఆగాం. వాళ్ళ పశువులపాకలో అయిదు పిల్లలున్నాయి. తల్లి రెండురోజుల క్రితమే లారీ కిందపడి చనిపోయిందట. నాలుగింటిని ఎవరెవరో అడిగి వున్నారు. అయిదోది ఆడపిల్ల, పైగా బక్కది. దాన్నెవరూ అడగలేదు. మావారు నా మొహం చూసి, ఏమీ అనకుండా కారు వెనకసీట్లో పాత తువ్వాలు పరిచారు.

పేరు సరమ అని పెట్టాను. నవలలు రాసేదాన్ని కదా, ఆమాత్రం ఆడంబరం వుంటుంది లెండి! భారతంలో దేవతల కుక్క సరమ. జనమేజయుడు యాగం చేస్తూంటే దాని పిల్ల అక్కడికి వెళ్తుంది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని పట్టుకుని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయి, నేను హవిస్సు వైపు చూడనూ లేదు, నాకనూ లేదు అని చెప్పుకుంటుంది. సరమ తిన్నగా వెళ్ళి మహారాజుని నిలదీసి శపిస్తుంది. మన నన్నయగారు కూడా ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ చెప్పారు. అంత పెద్ద భారతానికి గుమ్మంలోనే ఓ కుక్కపిల్ల తగువు వుండటం నాకెప్పుడూ ముచ్చటగానే వుంటుంది. మా అత్తయ్యగారు మాత్రం రెండోరోజుకే ఆ పేరుని "సరమ్మ" చేసేశారు. అదే ఖాయమైంది.

సలహాలన్నిటిలో మొదటి ఓటు పాలబ్బాయికే వేశాను. చిక్కటి గేదెపాలు, పూటకో గ్లాసు. మూడోరోజుకి వరండా కడుక్కోలేక చచ్చాం. కుక్కతల్లి పాలకీ మన ఇళ్ళల్లో పాలకీ తేడా వుందని నాకప్పుడు తెలీదు. ఆవుపాలతో పోలిస్తే వాటి పాలల్లో మాంసకృత్తులు రెట్టింపు వుంటాయి. పాలలో వుండే చక్కెర మాత్రం తక్కువ. పిల్ల పెరిగేకొద్దీ ఆ చక్కెరని అరిగించుకునే శక్తి తగ్గిపోతూ వస్తుంది. అరగనిదంతా పేగుల్లోకి నీళ్ళు లాగుతుంది. పాలు అమృతమే గాని, ఎవరి అమృతం వాళ్ళదే కాబోలు!

పాలు మానిపించేశాను. మెత్తగా వుడికిన అన్నంలో తేటచారు, సాయంత్రం రెండు బిస్కెట్లు. విరేచనాలు కట్టాయి. నేనేదో ఘనవిజయం సాధించానని మురిసిపోయాను.

బిస్కెట్టంటే సరమ్మకి ప్రాణం. బిస్కెట్టుకీ కుక్కకీ చుట్టరికం ఎలా కలిసిందో చెబితే మా బందరువాళ్ళకి నచ్చుతుంది. ఎందుకంటే అది ఓ రేవులో మొదలైంది. వెనకటి ఓడల్లో నెలల తరబడి నిలవుండేందుకు పిండీ నీళ్ళూ కలిపి రాయిలాగా కాల్చిన రొట్టెముక్కలు పట్టుకెళ్ళేవారు. 1611లో బందరులో వర్తకస్థావరం పెట్టుకున్న ఇంగ్లీషువాళ్ళ ఓడలకీ దారిబత్తెం అలాంటిదే. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి లండన్ వెళ్ళాడు. అక్కడి రేవులో నావికులు పారేసిన బిస్కెట్లని కుక్కలు ఎగబడి తినటం చూశాడట. వెంటనే గోధుమపిండీ, కూరలూ, మాంసమూ కలిపి కుక్కల కోసమే బిస్కెట్లు చేయించి అమ్మాడు. కుక్కల తిండి ఒక పెద్ద వ్యాపారంగా మారటానికి అదే నాంది. అతని దగ్గర పనికి చేరిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో మొదలుపెట్టిన కుక్కల ప్రదర్శన, ఇంగ్లండులో ఇప్పటికీ జరుగుతూనే వుంది.

అయితే స్ప్రాట్‌గారి బిస్కెట్టులో మాంసం వుంది. నేను పెట్టింది టీలో ముంచుకునే మన బిస్కెట్టు. అంటే మైదా, చక్కెర. ఆ తేడా సరమ్మ కాళ్ళు చెప్పేదాకా నా బుర్రకి తట్టలేదు.

వైశాఖం వచ్చేసరికి దాని పొట్ట కుండలా వుబ్బింది. ముందుకాళ్ళు రెండూ దొడ్డికాళ్ళయ్యాయి. ఓ రోజు వరండా మెట్టు ఎక్కబోయి, సగంలో కుయ్యిమని కూలబడిపోయింది. ఒక్క మెట్టు! నా గుండె జారిపోయింది. మర్నాడు పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడివాడ వెళ్ళాం. అక్కడో పశువుల డాక్టరుగారి హస్తవాసి మంచిదని మావారి స్నేహితులు చెప్పారు.

"ఏం పెడుతున్నారమ్మా?" అనడిగారాయన.

"చారన్నం, బిస్కెట్లండీ."

"ఇంకా?"

"ఇంకేం లేదండీ. పాలు పడటంలేదని..."

ఆయన విసుక్కోలేదు. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి ఎత్తిపట్టి చూపించారు. ఎముకలు కాగితం మీద పెన్సిలుతో పలచగా గీసినట్టున్నాయి. "అన్నంలో కాల్షియం బొత్తిగా వుండదమ్మా. పెరిగే పిల్ల కదా, రక్తంలో తగ్గకుండా వుండటానికి ఎముకల్లోంచే తోడేసుకుంటోంది. ప్రేమకొద్దీ వొట్టి మాంసం పెట్టేవాళ్ళు కూడా ఇదే జబ్బుతో తీసుకొస్తారు. మాంసంలోనూ కాల్షియం లేదు" అన్నారు. పొట్టలో ఏలికపాములు కూడా వున్నాయట. తల్లి కడుపులో వుండగానే పిల్లలకి సంక్రమిస్తాయవి.

"రోజూ ఎండలో పడుకోబెడితే సరిపోదాండీ? మా పిల్లలకి అలాగే చెప్పారు" అన్నాను.

"మీ పిల్లల చర్మం ఎండలో విటమిన్ డి తయారుచేసుకుంటుంది. దీని చర్మానికి ఆ విద్య చాలినంత రాదు. తిండిలోంచే రావాలి" అన్నారాయన. ఆ సంగతి శాస్త్రజ్ఞులకే 1990లలో గాని గట్టిగా తేలలేదని తర్వాత చదివి, నా అజ్ఞానానికి కాస్త వూరట చెందాను.

ఆయన రాసిచ్చిన చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపుకి అంటించి వుంది. ముందు ఏలికపాములకి మందు. తిండి రోజుకి నాలుగుసార్లు, కొద్దికొద్దిగా. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం, అన్నం, ఉడికిన గుమ్మడికాయ, సహిస్తే నాలుగు చెంచాల పెరుగు. కాల్షియం ఆయన చెప్పిన కొలతకి చుక్క ఎక్కువా తక్కువా కాకుండా. ఇంత శ్రమ పడలేకపోతే, ఎదిగే కుక్కపిల్లలకి సంపూర్ణాహారం అని రాసివున్న సంచీ మేత. అయితే ఆ మేత పెట్టేవాళ్ళు మళ్ళీ కాల్షియం విడిగా పొయ్యకూడదు. ఎక్కువైనా ఎముకలు వంకరపోతాయి. పెద్దజాతి పిల్లలకైతే మరీనూ. ఏ తిండి మార్చినా వారం రోజులు పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ దాని దరిదాపుల్లోకి రాకూడదు. ఉల్లి వాటి రక్తకణాలని చిట్లగొడుతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. బందరు లడ్డు కూడా వద్దని, నవ్వుతూనే, ఆఖరి గీతగా రాశారు.

తిరిగొస్తూంటే గుడివాడ దాటేదాకా రోడ్డుపక్క బియ్యం మిల్లులు కనిపించాయి. "తరతరాలుగా మిగిలిందే తిని బతికాయి" అన్న అత్తయ్యగారి మాట గుర్తొచ్చింది. నిజమే, బతికాయి. కాని ఆ మిగిలినదేమిటి? దంపుడు బియ్యపు అన్నం, గంజి. అది చాలకపోతే వూరకుక్క పొలం గట్ల వెంట తిరిగి ఎలకనో, పీతనో పట్టుకునేది. మా సరమ్మకి గేటు వేసి వుంటుంది. మేం పెట్టిందే దాని ప్రపంచం. మేం పెట్టిందేమో, తవుడంతా గేదెలకి పోగా మిగిలిన మల్లెపువ్వులాంటి తెల్ల అన్నం.

ఈ తెల్ల అన్నం మనుషులకి మాత్రం తక్కువ చేసిందా? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక మన డెల్టా వరికి పుట్టిల్లయింది. తర్వాత మిల్లులొచ్చాయి, బియ్యం తెల్లబడింది. బెరిబెరి మన సర్కారు జిల్లాల జబ్బుగా పేరుపడింది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగిపోయే జబ్బది. తవుడుతో కొట్టుకుపోయిన బి విటమిన్ లోటే దానికి కారణం. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఆధ్వర్యాన బెరిబెరి మీద పరిశోధన కోసం ఓ చిన్న విభాగం పెట్టారు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తరలివచ్చి, ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

చేపలామె ఇస్తానన్న తలకాయల సంగతీ ఇందులోనే వుంది. 1932లో అమెరికాలోని మిన్నెసోటాలో చాస్టెక్ అనే ఆయన పెంచుకుంటున్న నక్కలకి కాళ్ళు పడిపోయి చచ్చిపోసాగాయి. ఆయన పెట్టింది పచ్చి కార్పు చేప. పచ్చిచేపలో ఆ బి విటమిన్‌నే విరిచేసే పదార్థం వుందని తర్వాత తేలింది. మన గుడివాడ, కైకలూరు చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి కూడా కార్పు జాతివే. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. అంటే చేపలామె సలహాలో తప్పు లేదు, పొయ్యి ఒక్కటే లోపించింది.

సరే, చదువు బాగానే వుంది. అసలు చిక్కు ఇంట్లో వుంది. మాది గుడ్డు గడప తొక్కని ఇల్లు. "దాని ప్రాణం కోసం మన ఇల్లు మైలపడాలా అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడని తప్పుపట్టలేను. 70 ఏళ్ళు దాటిన మనిషి, ఆవిడ వంటిల్లు అది. నేను వెనకవరండా చివర, ఓ స్టూలు మీద కరెంటు పొయ్యి పెట్టి, వేరే గిన్నె, వేరే గరిటె పెట్టుకున్నాను. మొదటి గుడ్డు ఉడుకుతూంటే ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ రాత్రి ఆవిడ మంచం పక్కన కూర్చుని, నేను చదివిన ఓ కథ చెప్పాను. 1918, 19 ప్రాంతాల్లో ఇంగ్లండులో లక్షలమంది పిల్లలకి దొడ్డికాళ్ళు. ఎందుకొస్తున్నాయో ఎవరికీ తేలలేదు. గాలి లేని ఇళ్ళవల్ల అన్నారు కొందరు, వ్యాయామం లేక అన్నారు కొందరు. ఎడ్వర్డ్ మెలాన్‌బీ అనే డాక్టరు లండన్లో కొన్ని కుక్కపిల్లల్ని తెచ్చి, వాటికి గంజిలాంటి ఓట్సు జావ, రొట్టె పెట్టి ఇంట్లోనే పెంచాడు. వాటి కాళ్ళు వంగిపోయాయి, అచ్చం మన సరమ్మలాగే. కాడ్‌లివర్ ఆయిల్ పోసిన పిల్లలకి మాత్రం కాళ్ళు బాగానే వున్నాయి. తిండిలో ఏదో వుంది అని 1919లో ఆయన రాశాడు. 1922లో మెకాలమ్ అనే శాస్త్రజ్ఞుడు దానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు. "మన పిల్లలకి డాక్టర్లు రాసే చుక్కలమందు అలా వచ్చిందే, అత్తయ్యా" అన్నాను.

ఒక్క డి విటమినేనా? అమెరికాలో పేదలని పీడించిన పెల్లగ్రా జబ్బుకి మందు, నాలుక నల్లబడిన కుక్కల మీద 1937లో దొరికింది. రక్తం తగ్గించిన కుక్కలకి రకరకాల తిండి పెట్టి చూసి, కాలేయం తినిపిస్తే రక్తం పడుతుందని కనిపెట్టిన విప్పుల్‌కి 1934లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తన అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న స్ప్రూ జబ్బుని జన్మంతా మరిచిపోలేదు. ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆయన హయాంలోనే 1947లో బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ మందునే తర్వాత కుక్కలకి గుండెపురుగు పట్టకుండా ఎన్నో ఏళ్ళు వాడారు. కుక్కజాతికి మనం పడ్డ బాకీలో ఓ తెలుగువాడు కొంత తీర్చాడనుకుంటే నాకు తృప్తిగా వుంటుంది. మిగతా బాకీ అలాగే వుంది. నేను సరమ్మకి ఏం పెట్టాలో ఇవాళ తెలుస్తోందంటే, ఒకప్పుడు ఎన్నో సరమ్మలకి కావాలనే తప్పుతిండి పెట్టి చూశారు గనకనే కదా!

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాడ్‌లివర్ ఆయిల్ అంటే చేపనూనే కదూ?" అన్నారు. "మా తమ్ముడికి పోసేవాళ్ళు. మా నాయనమ్మ మడి కట్టుకునే, ముక్కు పట్టుకుని, చెంచాతో పోసేది. మందుకి మడేమిటే అనేది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నాకు గుడ్డుతో బాధ కాదమ్మాయ్" అన్నారు. "మళ్ళీ ఇంట్లో కుక్కేమిటా అని."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు తెలీని సంగతి అప్పుడు చెప్పారు. 1977 నవంబరు 19, శనివారం. ఆవిడ పురిటికని వెళ్ళి, నాగాయలంక దగ్గర పుట్టింట్లోనే వున్నారు. మావారప్పటికి మూడునెలల గుడ్డు. పొద్దుటినుంచీ గాలి. ఎవరో వచ్చి, పక్కా మేడలోకి పొమ్మని కేకలేస్తే, పిల్లాణ్ణి దుప్పటిలో చుట్టుకుని పరుగెత్తారు. ఆ రాత్రి సముద్రం వూళ్ళమీదికొచ్చింది. దివిసీమ ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. పశువులకి లెక్కలేదు.

"పెరట్లో కుక్క వుండేది. వెళ్ళేముందు దానికి చట్టినిండా అన్నం పెట్టాను. రెండురోజులదాకా రాలేమేమో, ఆకలికి చస్తుందని. గొలుసు విప్పాలని తోచలేదు" అన్నారావిడ. "అన్నం పెట్టాను కదా, చాలనుకున్నాను."

నేనేం చెప్పగలను? ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేనూ అంతే కదా, మూడునెలలపాటు చారన్నం పెట్టి, చాలనుకున్నాను. కడుపు నిండిందా అని చూశానే గాని, దాని కాళ్ళవైపు చూడలేదు.

మర్నాటినుంచి ఆవిడ తలుపేసుకోలేదు. గుడ్డు ముట్టుకోరు, అది నా పనే. కాని గుమ్మడికాయ ముక్కలు తరిగి ఉడికించి, గింజలేరి ఇస్తారు. నాలుగుపూటలూ టైము చూసి, "అమ్మాయ్, సరమ్మ చీటీలో మూడోది అయిందా?" అని అడుగుతారు. పక్కింటావిడ ఓ రోజు ప్రేమగా ఉల్లిపాయ పకోడీ విసరబోతే, "అది దానికి విషమమ్మా" అని అడ్డుపడ్డారు. పకోడీ ఆవిడే తిన్నారనుకోండి!

సరమ్మకిప్పుడు ఎనిమిదినెలలు. రెండో ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, ఒత్తుగా కనిపించాయి. కుడికాలు చక్కబడింది. ఎడమది కాస్త వంకరగానే వుండిపోతుందన్నారు డాక్టరుగారు. ఆ వంకరకాలితోనే మూడుమెట్లూ ఒక్క దూకులో దిగుతుంది.

పగలు వీధిలోకి పోకుండా గొలుసు వేస్తాం. రాత్రి పడుకోబోయే ముందు అత్తయ్యగారు మోకాళ్ళనొప్పుల్తోనే వరండాలోకి వెళ్ళి, వంగి, ఆ గొలుసు విప్పి వస్తారు. ఆ పని నేను చేస్తానంటే ఒప్పుకోరు.